లోబడని ఉత్తరాలు

తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో పెరిగిన ఆడపిల్లలకు 'లోబడుట' అనే మాట చాలా చిన్న వయసులోనే పరిచయమవుతుంది. బడి తెలుగులో ఆ మాట పెద్దగా తగలదు. ఇంట్లో పిల్లలు మొండికేస్తే 'చెప్పిన మాట విను' అంటారు గానీ 'లోబడు' అని ఏ తల్లీ అనదు. అది గుడి భాష. పెళ్ళి ఆరాధనలో, స్త్రీల కూడికల్లో, సంఘంలో తగాదా వచ్చిన వారం ప్రసంగంలో వినిపించే మాట. భార్య భర్తకు, పిల్లలు తల్లిదండ్రులకు, సంఘం కాపరికి లోబడాలి. ఈ వరసను పైనుంచి చదివినా కిందనుంచి చదివినా ఆడవాళ్ళ చోటు మాత్రం మారదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకు అలవాటు. ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో భార్యల గురించిన వాక్యం ఉంది కదా. అతి పురాతనమైన గ్రీకు రాతప్రతుల్లో కొన్నిటిలో ఆ వాక్యానికి అసలు క్రియాపదమే లేదు. అది తన క్రియను ముందు వాక్యం నుంచి అరువు తెచ్చుకుంటుంది. ఆ ముందు వాక్యం చెప్పేది విశ్వాసులంతా ఒకరికొకరు లోబడి ఉండమని. మన తెలుగు బైబిల్లో రెండు వాక్యాలకూ విడివిడిగా క్రియలున్నాయి. నేను చూసిన పెళ్ళిళ్ళలో పాఠం రెండో వాక్యం దగ్గరే మొదలయ్యింది. 'ఒకరికొకరు' అన్నది చదవకుండానే మిగిలిపోయింది.

సంఘంలో అధికారం ఎవరిది అన్న తగువు క్రైస్తవం అంత పాతది. బిషప్పుదా, గ్రంథానిదా, మనిషి మనస్సాక్షిదా? లోబడమనేవాళ్ళ చేతిలో వాక్యాలున్నాయి. మనుషులకన్నా దేవుడికే లోబడాలి అనేవాళ్ళ చేతిలోనూ వాక్యాలున్నాయి. 1521లో వర్మ్స్ సభలో మార్టిన్ లూథర్ తన రాతల్ని వెనక్కి తీసుకోనని నిలబడినప్పటి నుంచీ చీలికల చరిత్రను మనకు మగవాళ్ళ కథలుగానే చెప్పారు. మన దగ్గర కూడా అంతే. 1947లో ఆంగ్లికన్లూ మెథడిస్టులూ మరికొన్ని సంఘాలవాళ్ళూ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది అందులో చేరకుండా కొన్నేళ్ళపాటు బయటే ఉండిపోయారు. 1941లో భక్త్‌సింగ్ మద్రాసులో మిషన్ సంఘాలకు వెలుపల స్వతంత్రంగా ఒక కూడికను మొదలుపెట్టారు. తర్వాత హైదరాబాదులోని హెబ్రోను ఆ ఉద్యమానికి కేంద్రమయింది. ఈ చరిత్రలన్నిటిలో స్త్రీలు హాజరు పట్టీలో ఉంటారు. వాళ్ళు ఎందుకు ఉండిపోయారో, ఎందుకు వెళ్ళిపోయారో ఎవరూ రాసి పెట్టలేదు.

అలా రాసి పెట్టిన ఒకే ఒక్క పెద్ద దస్త్రం నాకు పిహెచ్.డి. చేసే రోజుల్లో దొరికింది. అది పండిత రమాబాయి ఉత్తరాల పుస్తకం.

రమాబాయి జీవితం స్త్రీవాద పాఠకులకు కొత్త కాదు. 1858లో పశ్చిమ కనుమల్లో ఒక బ్రాహ్మణ పండితుడి ఇంట పుట్టింది. భార్యకు సంస్కృతం చెప్పినందుకు ఆ తండ్రి సాటివాళ్ళ చేత మాటలు పడ్డాడు. కుటుంబం పురాణాలు చదువుతూ తీర్థాలు తిరిగింది. 1870ల కరువులో తిరుపతి కొండల దగ్గరి అడవుల్లో ఆకులు తిని బతికిన రోజులను ఆమె తర్వాత తన సాక్ష్యంలో రాసుకుంది. తల్లిదండ్రులు ఆ కరువులోనే పోయారు. 1878లో కలకత్తా పండితులు 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. వేరే కులం వాణ్ణి, బెంగాలీ వకీలుని పెళ్ళాడింది. రెండేళ్ళు తిరక్కుండానే అతను కలరాతో పోయాడు. 1883లో పాప మనోరమతో ఇంగ్లండు వెళ్ళి, వాంటేజ్‌లో ఆంగ్లికన్ సన్యాసినుల మఠంలో ఉండి, ఆ సెప్టెంబరులోనే బాప్తిస్మం తీసుకుంది.

ఇక్కడి దాకా అందరూ చెప్పేదే. ఆ తర్వాత జరిగింది నన్ను పట్టుకుంది. బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు ఇక ఈమె మన మనిషి, మనం చెప్పినట్టు వింటుంది అనుకున్నారు. ఆమె వినలేదు. క్రీస్తును నమ్ముతానంది. త్రిత్వం గురించీ కన్యాజననం గురించీ తనకు సందేహాలున్నాయంది. తాను చేరింది క్రీస్తు సార్వత్రిక సంఘంలోనని, ఒక్క ఇంగ్లండు చర్చిలో కాదని వాదించింది. మాంసం, గుడ్డు ముట్టనంది. శిలువ మీద చెక్కే మాటలు లాటిన్‌లోనే ఎందుకుండాలి, సంస్కృతంలో ఎందుకుండకూడదు అని అడిగింది. 1884లో ఆమె చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో ఉండగా, ఇండియాకు రాబోయే యువకులకు పాఠాలు చెప్పించాలన్న ఆలోచన వచ్చింది. లాహోర్, బొంబాయి బిషప్పులు ఒప్పుకోలేదు. స్త్రీ మగపిల్లలకు చదువు చెబితే ఇండియాలో ఆమె పరువు పోతుందని వాళ్ళ దిగులు. ఆమె రాసిన జవాబు సారాంశం ఇది: నా తండ్రికీ నా భర్తకూ లేని అభ్యంతరం మీకెందుకు?

మఠంలోని తన ఆత్మీయ తల్లికి 1885లో రాసిన ఉత్తరంలో ఆమె ఇంకా తేటగా మాట్లాడింది. ఎంతో కష్టపడి మా దేశపు పురోహితుల కాడి కిందనుంచి ఇప్పుడే బయటపడ్డాను, మళ్ళీ అలాంటి ఇంకో కాడి కింద మెడ పెట్టడానికి సిద్ధంగా లేను అన్నది ఆ ఉత్తరం సారం. అప్పటికి ఆమె వయసు 27. విధవ, పరాయి దేశంలో ఇంకొకరి ఖర్చు మీద బతుకుతున్న పసిబిడ్డ తల్లి. తిండి, గూడు, చదువు అన్నీ ఎవరు పెడుతున్నారో వాళ్ళకే ఆ మాట చెప్పింది.

ఈ వాదంలో ఆమెకు ఎదురుగా నిలబడ్డది బిషప్పులకన్నా ఎక్కువగా సిస్టర్ జెరల్డీన్ అనే సన్యాసిని. రమాబాయికి ఆమె ఆత్మీయ తల్లి. తల్లీకూతుళ్ళిద్దరూ ఆమెను మరాఠీలో 'ఆజీబాయి' అనేవాళ్ళు, అంటే నాయనమ్మ. జెరల్డీన్ దృష్టిలో రమాబాయి జబ్బు పేరు అహంకారం. తిండి దగ్గర పట్టుదల కులగర్వం, ప్రశ్న అవిధేయత, కూతురికి తన ఆలోచనలు నేర్పడం ఆ బిడ్డ ఆత్మకు అపాయం. మొదటిసారి చదివినప్పుడు నాకు జెరల్డీన్ మీద కోపమే వచ్చింది. రెండోసారి చదివినప్పుడు ఆమె ఎక్కడ నిలబడి మాట్లాడుతోందో కనిపించింది. ఆమె స్వయంగా విధేయత వ్రతం పట్టిన మనిషి. మఠాధిపతికి లోబడాలి, మఠాన్ని స్థాపించిన ఫాదర్ బట్లర్‌కు లోబడాలి, బిషప్పులకు లోబడాలి. పైవాళ్ళ మాటను కిందికి అందించడం ఆమె పని. పితృస్వామ్యం ఒక ఆడమనిషిని అదుపులో పెట్టడానికి ఇంకో ఆడమనిషి ప్రేమను ఎలా వాడుకుంటుందో చూడాలంటే ఈ ఉత్తరాలను మించినవి నాకు తెలియవు.

అయితే ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఈ ఉత్తరాలన్నిటినీ దాచి, వరసలో పెట్టి, తన వ్యాఖ్యలతో కూర్చింది జెరల్డీనే. అవి 1977లో ఎ.బి. షా సంపాదకత్వంలో బొంబాయిలో అచ్చయ్యాయి. తనను ధిక్కరించిన మనిషి మాటలను పొల్లుపోకుండా భద్రపరిచింది లోబడమన్న మనిషే. ఉమా చక్రవర్తి, గౌరీ విశ్వనాథన్, మీరా కోశాంబి వంటి వాళ్ళు రమాబాయిని కొత్తగా చదివి చూపించగలిగారంటే దాని వెనక ఈ సన్యాసిని ఓపిక ఉంది. వాళ్ళిద్దరి మధ్యా ఉత్తరాలు తెగిపోలేదు. తిరగబడితే బంధం తెగిపోవాల్సిందే అనుకునే మన సంఘాలకు ఈ ముక్క ఎవరైనా చెబితే బాగుండును.

మన సంఘాలు అన్నాను కాబట్టి మా సంఘం గురించి చెబుతాను. ఊరి పేరు, మిషన్ పేరు రాయడం లేదు. అక్కడివాళ్ళు ఇంకా అక్కడే బతకాలి.

మా అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరుగా పనిచేసింది. చాలా ఏళ్ళు మా గుడిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. పిడికెడు బియ్యం సంగతి మన క్రైస్తవ పల్లెల్లో పెరిగిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వండే ముందు ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తుంది. ఆదివారం గుడికి తెస్తుంది. అన్నీ కలిపి అమ్మితే వచ్చిన డబ్బు సమాజానిది. కూలికి వెళ్ళే ఇళ్ళల్లో ఆ పిడికెడు ఎవరి కంచంలోంచి తగ్గేదో వేరే చెప్పాలా? గుడి వెనక ఆడవాళ్ళకు ఒక గది, ఒక మరుగుదొడ్డి కట్టించుకోవాలని ఆరేళ్ళు కూడబెట్టారు. అమ్మ నోటుపుస్తకం ప్రకారం 2009 నాటికి అది 41 వేల చిల్లర. ఆ ఏడాది పాస్టరేట్ కమిటీ ఆ డబ్బు తీసి గుడి ముందు ఆర్చి కట్టింది. ఆర్చి మీద కమిటీ సభ్యుల పేర్లు చెక్కించారు.

స్త్రీల సమాజం తరఫున పదకొండుమంది లెక్క అడిగారు. గది సంగతి తర్వాత, ముందు లెక్క చెప్పమన్నారు. వచ్చే ఆదివారం ప్రసంగం కోరహు తిరుగుబాటు మీద. మోషే మీద తిరగబడ్డ వాళ్ళను భూమి నోరు తెరిచి మింగిన కథ. ఆ మరుసటి వారం మిర్యాముకు కుష్టు వచ్చిన కథ. అమ్మ ఇంటికొచ్చి బైబిల్ తీసి సంఖ్యాకాండం పన్నెండో అధ్యాయం మళ్ళీ చదివింది. "మోషేని అడిగింది అహరోనూ మిర్యామూ ఇద్దరూ కదే. కుష్టు ఆవిడ ఒక్కదానికే ఎందుకొచ్చింది?" అంది. స్త్రీవాద బైబిల్ పండితులు ఎంతోమంది వేసిన ప్రశ్నే అది. అమ్మ వాళ్ళెవర్నీ చదవలేదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు సరిచేసుకుంటూ అడిగింది.

లెక్క చెప్పలేదు. పదకొండుమందినీ బల్లకు దూరం పెట్టారు. ప్రభురాత్రి భోజనం తీసుకోకూడదన్నారు. క్షమాపణ పత్రం రాసిస్తే మళ్ళీ ఆలోచిస్తామన్నారు. కొంతమంది భర్తలు రాసిచ్చేయమన్నారు. మా నాన్న అలా అనలేదు, అలాగని కమిటీలో లేచి మాట్లాడనూ లేదు. ఆ వేసవిలో అమ్మా వాళ్ళూ ఒక ఇంటి వరండాలో కూడుకోవడం మొదలుపెట్టారు. వాక్యం ఒకళ్ళు చదివేవాళ్ళు, పాట ఒకళ్ళు ఎత్తుకునేవాళ్ళు, ప్రార్థన అందరూ చేసేవాళ్ళు. నేను సెలవులకు వెళ్ళినప్పుడు చూశాను. అంత నెమ్మదైన ఆరాధన నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

రమాబాయి ఉత్తరాలు చదువుతుంటే ఆ వరండా గుర్తుకు రావడం సహజం. కానీ రెండిటినీ అంత తేలిగ్గా ఒకే గాట కట్టలేం. రమాబాయి 'మా సంస్కృతం' అని రాసినచోట నేను ఆగుతాను. ఆ 'మా'లో మా అమ్మమ్మ లేదు. మా వాళ్ళు క్రైస్తవంలోకి వచ్చింది ఊరికి వెలుపల ఉన్న పల్లెలోంచి. సంస్కృతం మాకు పోగొట్టుకున్న సంపద కాదు, మమ్మల్ని దగ్గరికి రానివ్వని గోడ. ఆమె గుడ్డు ముట్టకపోవడాన్ని స్వాభిమానంగా చదివే విమర్శకులున్నారు, జెరల్డీన్‌లాగే కులంగా చదివేవాళ్ళూ ఉన్నారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. వలస పాలకుల మఠంలో తన తిండిని వదులుకోనన్న పట్టుదల నాకు అర్థమవుతుంది. అదే పట్టుదల మన దేశంలో మా కంచం వైపు ఎలా చూసిందో కూడా నాకు తెలుసు. 1889లో ఆమె బొంబాయిలో పెట్టిన శారదా సదన్ పై కులాల విధవల కోసం. అక్కడ వాళ్ళ కులాచారాలకు అడ్డు చెప్పలేదు. 1896-97 కరువులో ఊళ్ళు తిరిగి ఆకలితో చస్తున్న ఆడపిల్లల్ని తెచ్చుకున్నాక, కేడ్‌గావ్ దగ్గర ముక్తి వెలిశాక, ఆ గడప అన్ని కులాలకూ తెరుచుకుంది. చివరి ఏళ్ళలో ఆమె హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మరాఠీ చేసింది. చదువు అంతగా లేని ఆడవాళ్ళకు అర్థమయ్యే మరాఠీ కావాలని, సంస్కృత పదాల బరువు తగ్గించాలని ఆమె పట్టుదల. ముక్తి ప్రెస్సులో అచ్చు పని ఆడవాళ్ళే చేశారు. శిలువ మీద సంస్కృతం ఎందుకుండకూడదు అన్న మనిషి అంత దూరం నడిచింది. నేను ఆమెను నా మనిషి అనుకునేది అక్కడ.

విధేయత గురించి మాట్లాడేటప్పుడు ఆమెను రెండు వైపులా కొట్టారన్న సంగతి కూడా మరిచిపోకూడదు. ఇంగ్లండులో ఆమె సరిపోయినంత క్రైస్తవురాలు కాదన్నారు. 1893లో పుణేలో ఆమె మితిమీరిన క్రైస్తవురాలన్నారు. సదన్‌లోని విధవలు ఆమె ప్రార్థనకు వచ్చి కూర్చుంటున్నారని గొడవ చెలరేగింది. రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. తిలక్ 'కేసరి' దుమ్మెత్తిపోసింది. తలుపు తెరిచి ప్రార్థన చేసుకుంటాను, రమ్మని పిలవను, వస్తే పొమ్మనను అన్నదే ఆమె నిలబడ్డ చోటు. వాంటేజ్‌లో జెరల్డీన్‌కు చెప్పిందీ దాదాపు అదే. నమ్మకం విషయంలో ఒకరి మీద ఇంకొకరు అధికారం చెలాయించలేరు.

ఇక్కడ కష్టమైన ప్రశ్న ఒకటి ఉంది. బయటికి వచ్చినంత మాత్రాన అధికారం వెనకే ఉండిపోతుందా? ఒక దశలో ముక్తిలో రెండు వేలమంది దాకా ఉండేవాళ్ళు. అంతమంది తిండి, చదువు, పని, ప్రార్థన ఒక్క మనిషి పేరు మీద నడిచినప్పుడు, అక్కడ ఎవరు ఎవరికి లోబడ్డారు? జెరల్డీన్‌తో వాదించిన రమాబాయిలాగా రమాబాయితో వాదించిన పిల్ల ఎవరైనా ఉంటే, ఆ పిల్ల ఉత్తరాలు మనకు అందలేదు.

వరండా సంగతీ అలాగే అయ్యింది. రెండేళ్ళకు టౌను నుంచి ఒక యువకుడు వాక్యం చెప్పడానికి వచ్చాడు. బాగా చెప్పేవాడు. ఆడవాళ్ళకు ఆటోలో దిగి వచ్చి ప్రార్థన చేసే మనిషి దొరికాడు. జబ్బు పడితే ఆసుపత్రిలో పక్కన కూర్చునేవాడు, అది నేను కాదనను. మూడో ఏడాదికి రేకుల షెడ్డు లేచింది, బోర్డు మీద అతని ఫోటో, పక్కన భార్య ఫోటో. దశమభాగం కవర్లు వచ్చాయి. వంతులవారీగా వాక్యం చదవడం ఆగిపోయింది. ఒకావిడ కవర్ల లెక్క అడిగితే, అభిషిక్తుల మీద చెయ్యి వేయకూడదన్న మాట వినబడింది. అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి, "ఆర్చి ఒక్కటే తక్కువ" అంది. మళ్ళీ వెళ్ళలేదు.

చీలికల గురించి రాసేవాళ్ళు సిద్ధాంతాల గురించే రాస్తారు. ఆస్తుల గురించి తక్కువ రాస్తారు. సంఘం అంటే నమ్మకం ఒక్కటే కాదు, గుడి, బడి, హాస్టలు, స్థలం, అన్నిటికన్నా ముఖ్యంగా సమాధుల తోట. మగవాళ్ళు విడిపోయినప్పుడు కోర్టుకెళ్ళి ఆస్తి కోసం పోట్లాడతారు. పేరు కొట్టేయించుకున్న ఆడవాళ్ళు ఏ ఆస్తికీ వాటాదారులు కారు. వాళ్ళకు మిగిలే హక్కు ఆరడుగుల నేల. 2018లో ఆ పదకొండుమందిలో పెద్దావిడ పోయింది. గుడికి తిరిగి వెళ్ళలేదు గనక సభ్యత్వం లేదన్నారు. తొమ్మిదేళ్ళ చందా బకాయి కట్టి, చనిపోయినావిడ తరఫున క్షమాపణ పత్రం ఇస్తే తోటలో చోటిస్తామన్నారు. ఎండాకాలం. శవం ఇంటి ముందు ఐసు పెట్టెలో ఉంది. కొడుకు సంతకం పెట్టాడు. అతన్ని ఎవరైనా ఏమంటారు? బతికుండగా తొమ్మిదేళ్ళు రాయని ఉత్తరాన్ని ఆవిడ చచ్చాక రాయించుకున్నారు. లోబడుట అన్న మాటకు అంతకన్నా నిర్వచనం నాకు అక్కర్లేదు.

మా నాన్న ఆ తోటలోనే ఉన్నాడు. ఆయన పక్కన చోటు ఉంది. అమ్మకు ఇప్పుడు 68 ఏళ్ళు, షుగరు, మోకాళ్ళ నొప్పులు. నిరుడు క్రిస్మస్‌కు వెళ్ళినప్పుడు ఈ విషయం తనే ఎత్తింది. "నువ్వు నా తరఫున అలాంటి కాయితం మీద సంతకం పెట్టకూడదు. పెట్టకపోతే నన్నెక్కడ పెడతారో అని నీకు దిగులుంటుంది. అందుకని నేను బతికుండగానే తేల్చుకుందాం. ఉత్తరం రాయి" అంది.

ఊరొదిలి వెళ్ళి ఏ ప్రభుత్వ శ్మశానంలోనో పెట్టవచ్చు కదా, చచ్చాక ఎక్కడైతేనేం అని నా మిత్రులు ఒకరిద్దరు అన్నారు. పై చదువులు చదువుకున్న వాళ్ళకు వదిలేసి రావడం ఒక రాజకీయ చర్యగా కనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే కనిపించేది, ఇప్పటికీ కొన్ని చోట్ల అదే దారి అనుకుంటాను. అమ్మ వాదన వేరు. "నేను విడిపోయానని ఎవరన్నారు? నేను లెక్క అడిగాను. వాళ్ళు నన్ను పంపేశారు. నా పిడికెడు బియ్యంతో కట్టిన గుడి అది" అంటుంది. రమాబాయి కూడా తాను చర్చిని వదిలానని ఎన్నడూ అనలేదు. చర్చి అంటే మీరు చెప్పేదొక్కటే కాదు అంది. వదిలిపోవడానికీ లోబడటానికీ మధ్య, ప్రశ్నిస్తూ నిలబడే చోటు ఒకటి ఉంటుంది. ఆడవాళ్ళకు అక్కడ నిలబడటం అన్నిటికన్నా కష్టం. రెండు వైపులవాళ్ళూ వాళ్ళను ఖాళీ చెయ్యమంటారు.

2013లో నంద్యాల అధ్యక్ష ఖండానికి ఇ. పుష్పలలిత బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్పు అయిన మొదటి స్త్రీ ఆమె. ఒకప్పుడు ఐక్యతకు ఒప్పుకోక బయటే ఉండిపోయిన ప్రాంతం అదే. ఆ వార్త పేపర్లో చూసి అమ్మ చాలా సంతోషపడింది. కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. పెట్టుకుంటూ, "ఆవిడైనా లెక్కలు చూస్తుందా?" అని కూడా అంది. పై పీఠం మీద ఒక స్త్రీ కూర్చోవడం పెద్ద సంగతే. దానితోపాటు కింది బెంచీ మీద కూర్చున్న స్త్రీకి అడిగే హక్కు వస్తేనే అధికారం స్వభావం మారినట్టు.

ఉత్తరం రాశాం. రెండు రాత్రులు పట్టింది. నేను రాసిన మొదటి ప్రతిలో వేదాంతం ఎక్కువుందని అమ్మ కొట్టేసింది. మిగిలింది ఒక పేజీ. మొదటి పేరాలో తేదీలు: ఎప్పటి నుంచి సభ్యురాలు, ఎప్పుడు కార్యదర్శి, ఏ తేదీన లెక్క అడిగిందీ, ఏ ఆదివారం బల్ల ఆపిందీ. రెండో పేరాలో రెండు కోరికలు: 2003 నుంచి 2009 వరకు పిడికెడు బియ్యం డబ్బు లెక్క సంఘ సభ్యులందరి ముందూ చదవాలి, భర్త పక్కన తన చోటు తనదని రాసివ్వాలి. క్షమాపణ అన్న మాట ఎక్కడా లేదు. నోటుపుస్తకం జిరాక్సు జత చేశాం.

చివర ఏం రాయాలన్న దగ్గర కాసేపు ఆగాం. అమ్మ ముప్ఫై ఏళ్ళు సెలవు చీటీల కింద, ఇంక్రిమెంటు అర్జీల కింద 'తమ విధేయురాలు' అని రాసిన మనిషి. తెలుగులో అర్జీ అలాగే ముగుస్తుంది, వేరేగా ముగించడం మనకు బళ్ళో నేర్పలేదు. అమ్మ పెన్ను తీసుకుని 'ఇట్లు, సంఘ సభ్యురాలు' అని రాసి సంతకం చేసింది. మర్నాడు మిగిలినవాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్ళింది. పదకొండుమందిలో ఇప్పుడు ఉన్నది ఏడుగురు. నలుగురు సంతకం పెట్టారు. ఒకావిడ వేలిముద్ర వేసింది. ఒకావిడ కోడలు పెట్టనివ్వలేదు.

రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. జవాబు ఇంకా రాలేదు. అమ్మ ఆ కార్డును నోటుపుస్తకంలో పెట్టి, పంపిన తేదీ పక్కనే అందిన తేదీ రాసింది. వచ్చే నెల రాకపోతే రెండో ఉత్తరం రాయాలి, ఈసారి పై కార్యాలయానికి కూడా ఒక ప్రతి పెడదాం అంటోంది.